పానీయమా? భక్ష్యమా? – రంగుల జెల్లీ గుక్క కథ

మన పెద్దలు ఆహారాన్ని ఐదు తెగలుగా విభజించారు. కొరికి నమిలి తినేది భక్ష్యం. గారె, బూరె, జంతిక ఈ తెగలోనివి. కలుపుకొని ముద్దలుగా తినేది భోజ్యం. పప్పూ అన్నమూ అటువంటివి. నాలుకతో నాకి ఆస్వాదించేది లేహ్యం. దానికి తేనె ఉదాహరణం. జుర్రి రసం పీల్చేది చోష్యం. చెరకు ముక్క, రసపు మామిడి పండు ఇందులో చేరుతాయి. త్రాగేది పానీయం, మజ్జిగ, పానకం దీని క్రిందికి వస్తాయి. కావ్యాలలో విందు వర్ణన వచ్చిన చోట ఈ విభాగం తరచుగా కనిపిస్తుంది. ఇంత పకడ్బందీగా గీసిన ఈ గీతల మధ్య ఇమడని పదార్థం ఏదైనా ఉంటుందా? ఒకటి ఉన్నది.

అమెరికాలో యువకుల విందులలో బొటనవ్రేలంత ఎత్తున్న చిన్న గిన్నెలు పళ్ళేల నిండా పేర్చి తెస్తారు. ఒకటి కెంపువలె ఎరుపు, ఒకటి పచ్చవలె ఆకుపచ్చ, మరొకటి నారింజ వన్నె. ఒక్కొక్కప్పుడు ఒకే గిన్నెలో మూడు నాలుగు రంగులు పొరలు పొరలుగా ఇంద్రధనుస్సును తలపిస్తాయి. పళ్ళెం కదిలితే అవి వణకుతాయి గాని ఒలకవు. విందుకు వచ్చినవారు గిన్నెను పెదవుల కానించి ఒక్క పీల్పుతో గొంతులోకి జార్చుకుంటారు. నమలరు, త్రాగరు, నాకరు. దీనిని వారు జెల్లీ షాట్ అంటారు. షాట్ అంటే ఒక్క గుక్కకు సరిపడే మోతాదు. తీయని జెల్లీలో మద్యం కలిపి గడ్డకట్టించినదే ఈ గుక్క.

ఇది పానీయమా, భక్ష్యమా అన్న ప్రశ్న పండితుల కాలక్షేపానికి మాత్రమే పుట్టినది కాదు. ఈ వింత పదార్థం చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

పంచ్ నుంచి జెల్లీకి

ఈ కథకు మొదలు పంచ్ అనే పానీయం. మద్యం, పంచదార, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యాలు అనే ఐదింటిని కలిపి చేసేది కనుక హిందుస్తానీలోని ‘పాంచ్’ అనే సంఖ్యావాచకమే దానికి పేరైనదని చిరకాలంగా ఒక అభిప్రాయం ఉన్నది. దానిని అంగీకరించని పండితులూ లేకపోలేదు. పేరు ఎక్కడిదైనా, ఇంగ్లీషు వ్రాతలలో ఆ మాట మొట్టమొదట కనిపించేది 1632లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకరు తోటి వర్తకునికి వ్రాసిన ఉత్తరంలో. ఆ వర్తకుడు ఉన్న ఊరు పెటపోలి. అదేదో పరదేశపు రేవు కాదు, నేటి బాపట్ల జిల్లాలోని మన నిజాంపట్నమే. పాశ్చాత్యుల విందులలో రాజ్యమేలిన పానీయం పేరు తొలి లిఖిత ప్రయోగంలోనే తెలుగు తీరాన్ని తాకిందన్నమాట.

పంచ్ ఐరోపాకు, అక్కడినుంచి అమెరికాకు వెళ్ళింది. 1862లో జెర్రీ థామస్ అనే పానశాల నిపుణుడు న్యూయార్కులో పానీయాల తయారీపై ఒక గ్రంథం ప్రకటించాడు. అమెరికాలో ఆ విషయం మీద వెలువడిన మొదటి పుస్తకంగా దానికి ప్రసిద్ధి. అందులో ‘పంచ్ జెల్లీ’ అనే వంటకం ఉన్నది. పైంటు పంచ్‌కు ఔన్సున్నర చొప్పున ఐసింగ్లాసును పావు పైంటు నీటిలో కరిగించి, వేడివేడి పంచ్‌లో కలిపి, అచ్చులలో పోసి, గడ్డకట్టేదాకా కదపకుండా ఉంచాలని విధానం చెప్పాడు. ఐసింగ్లాసు అంటే స్టర్జన్ వంటి చేపల గాలితిత్తిని ఎండబెట్టి తీసిన జిగురు పదార్థం.

విధానం చెప్పి ఊరుకున్నవాడైతే థామస్‌ను ఇక్కడ తలచుకోనక్కరలేదు. వెనువెంటనే ఒక హెచ్చరిక కూడా చేర్చాడు. జెల్లీలో చేరిన పంచ్ తన బలాన్ని ఎంతో నేర్పుగా దాచుకుంటుందనీ, ఆ సంగతి తెలియక చాలామంది మితిమీరి తిని, భోజనానంతరం నాట్యం చేయలేని స్థితికి వచ్చారనీ, కనుక దీనిని మితంగానే వాడాలనీ అతడు వ్రాశాడు. మద్యం అమ్మడమే వృత్తిగా గల మనిషి మద్యపు వంటకానికి హెచ్చరిక జతపరచడం గమనింపదగిన విషయం. ఆ పుస్తకం ఒక పదార్థాన్ని వర్ణించింది. దానితోపాటే ఆ పదార్థంలోని వంచననూ వర్ణించింది.

సంపన్నుల వంటింటి నుంచి సామాన్యుని అంగడికి

ఆ రోజులలో జెల్లీ సంపన్నుల సొత్తు. దూడ కాళ్ళను గంటల తరబడి ఉడికించి, తెట్టు తీసి, వడగట్టి, చల్లార్చితే గాని జెల్లీ కాదు. వంటవాళ్ళూ, మంచుగడ్డ నిలువచేసే గదీ ఉన్న ఇళ్ళకే ఆ భోగం. జంతువుల చర్మంలో, ఎముకలలో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు వేడినీటిలో విడిపోయి జెలటిన్ అవుతుంది. వడ్రంగులు వాడే జిగురుకూ, దొరల బల్లమీది జెల్లీకీ మూలపదార్థం ఒకటే.

ఈ బంధుత్వాన్ని సొమ్ము చేసుకోవచ్చునని ముందుగా కనిపెట్టినవాడు జిగురు వర్తకుడే. న్యూయార్కుకు చెందిన పీటర్ కూపర్ 1845లో పొడి జెలటిన్‌కు పేటెంటు పొందాడు. ఈ కూపరే అంతకుముందు 1830లో ‘టామ్ థంబ్’ అనే రైలు ఇంజనును నిర్మించాడు. తరువాత 1859లో బీదవారికి ఉచితంగా విద్య గరపడానికి ‘కూపర్ యూనియన్’ అనే విద్యాలయాన్ని స్థాపించాడు. జెలటిన్ పొడి మీద మాత్రం అతడు పెద్దగా దృష్టి నిలపలేదు.

1897లో అదే న్యూయార్కు రాష్ట్రంలోని లీరాయ్ అనే చిన్న ఊళ్ళో దగ్గుమందు తయారుచేసే పెర్ల్ వెయిట్ ఆ పొడికి పంచదార, పండ్ల రుచులు, రంగులు కలిపాడు. అతని భార్య మే దానికి ‘జెల్లో’ అని పేరు పెట్టింది. స్ట్రాబెరీ, రాస్‌బెరీ, నారింజ, నిమ్మ అనే నాలుగు రుచులు సిద్ధమైనవి గాని అమ్మే నేర్పు ఆ దంపతులకు లేకపోయింది. 1899లో వారు పేరుతో సహా ఆ వ్యాపారాన్ని ఆరేటర్ వుడ్‌వర్డ్ అనే వర్తకునికి 450 డాలర్లకు అమ్మివేశారు. ప్రకటనల బలంతో జెల్లో కొద్ది సంవత్సరాలలోనే అమెరికా దేశపు ఇంటింటి తీపి అయింది. ఒక కప్పు మరిగే నీరు, ఒక కప్పు చన్నీరు, ఒక పొట్లం – ఇంతే వంట. ఆ చన్నీటిలో కొంత తీసి మద్యం పోస్తే ఏమవుతుందన్న ఆలోచన రావడానికి ఎంతో కాలం పట్టదు.

నిషేధానికి దొరకని గుక్క

ఆ ఆలోచన చేసినవారిలో జగత్ప్రసిద్ధుడు టామ్ లెహ్రర్. 1928లో పుట్టి 2025లో మరణించిన ఈ పెద్దమనిషి హార్వర్డులో గణితం చదివి, గణితం బోధించి, వ్యంగ్య గీతాలతో కీర్తి గడించాడు. 1955 నుంచి 1957 వరకు సైన్యంలో ఉన్నాడు. వాషింగ్టనులో తాము పనిచేసే నౌకాదళ స్థావరంలో క్రిస్మస్ విందు ఏర్పాటయిందనీ, అక్కడి నిబంధనల ప్రకారం మద్యపానీయాలు నిషిద్ధమనీ, ఆ చిక్కునుంచి బయటపడడానికి తామొక ఉపాయం పన్నామనీ చాలా కాలం తరువాత ఒక పత్రికతో సంభాషిస్తూ చెప్పాడు. నిబంధనలో ఉన్న మాట ‘పానీయం’. జెల్లీ పానీయం కాదు గదా! అతడూ ఒక స్నేహితురాలూ ఒక సాయంకాలమంతా ప్రయోగాలు చేసి, నారింజ జెల్లీలో వోడ్కా బాగా కుదురుతుందని తేల్చి, చిన్న చిన్న గిన్నెలలో నింపి తీసుకువెళ్ళారు. కాపలావాడు ఏమిటని అడిగితే జెల్లీ అని చెప్పాలని సిద్ధపడ్డారట. అతడు అడగనే లేదు.

ఈ కథ విని నవ్వని వారుండరు. శాసనంలోని అక్షరాన్ని పట్టుకొని దాని ఆత్మకు టోకరా వేయడం తర్కప్రియులకు ఎల్లప్పుడూ వినోదమే. జెల్లీ గుక్కకు ఆద్యుడు లెహ్రరే అని చాలామంది అనుకుంటారు గాని, అతనికి తొంభై ఏళ్ళకు పైగా ముందే థామస్ పుస్తకంలో అది ఉన్నదని చూచాము. అయితే ఆ కాపలావాడు అడగలేదన్న చిన్న ముక్కలో ఒక పెద్ద సంగతి ఉన్నది. స్థావరపు ద్వారం దగ్గర జరిగినదే ప్రతి గుక్కలోనూ మన నోటి ద్వారం దగ్గర జరుగుతుంది. అక్కడి కాపలావాని పేరు నాలుక.

నాలుక ఎట్లా మోసపోతుంది?

మద్యం నోట పడగానే మండుతుంది. ఆ మంటకు కారణం మిరపకాయ విషయంలో వెదకగా బయటపడింది. మిరప ఘాటును గుర్తించే గ్రాహకాన్ని 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆయన కృషికి 2021లో ఆర్డెం పటపూటియన్‌తో కలిసి నోబెల్ బహుమానం లభించింది. ఈ గ్రాహకం అసలు పని వేడిని పసిగట్టడం. సుమారు 42 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే అది మేల్కొని ‘కాలుతున్నది’ అని మెదడుకు వార్త పంపుతుంది. మద్యసారం తగిలినప్పుడు ఆ మేలుకొలుపు హద్దు సుమారు 34 డిగ్రీలకు దిగివస్తుందని 2002లో పరిశోధకులు చూపారు. మన దేహపు వేడి 37 డిగ్రీలు. అంటే మన ఒంటి వేడిమే మనల్ని కాలుస్తున్నట్లు తోస్తుంది. ఆ మంట ప్రకృతి ఏర్పరచిన హెచ్చరిక వంటిది. పిల్లవాడు మద్యాన్ని మొదటిసారి రుచి చూచి ఉమ్మివేస్తే అది ఆ మంట చేసిన మేలు.

జెల్లీ ఈ కాపలాను మూడు విధాల నిద్రపుచ్చుతుంది. పంచదార చేదును కప్పుతుంది. ఫ్రిజ్ లోని చల్లదనం మంటను ఆలస్యం చేస్తుంది. గడ్డకట్టి ఉండడంవల్ల వాసన ఒక్కసారిగా పైకి రాదు. జెలటిన్ సుమారు 35 డిగ్రీల వద్ద, అంటే నోటి వేడికే, కరిగిపోతుంది. కరిగేలోపలే గుక్క గొంతు దాటి ఉంటుంది. చేతిలో భక్ష్యంగా కనిపించినది కడుపులో పానీయమై కూర్చుంటుంది. పంచభక్ష్య విభాగానికి ఇది లొంగకపోవడం అందుకే. ఇది ఆరవ తెగ కాదు; ఒక తెగ వేషం వేసుకొన్న మరొక తెగ.

ఇక త్రాగినదంతా రక్తంలో చేరి పూర్తి ప్రభావం చూపడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చును. మొదటి గిన్నె ఏమీ చేయలేదని రెండవది, రెండవది ఏమీ చేయలేదని ఐదవది తీసుకున్నవాడు లెక్క తెలిసేసరికి లేవలేని స్థితిలో ఉంటాడు. గ్లాసుతో త్రాగేవానికి ఎంత త్రాగినదీ కంటికి కనిపిస్తుంది. రంగురంగుల గిన్నెలు లెక్కకు అందవు. కిశోరప్రాయులను ఆకర్షించేది సరిగ్గా ఈ తీపే, ఈ రంగులే. ఈ భయంతోనే తీయని మద్యపానీయాలపై జర్మనీ 2004లో ప్రత్యేకమైన పన్ను విధించింది; ఆస్ట్రేలియా 2008లో పన్ను పెంచింది. అమెరికాలో 1984 నాటి చట్టం ఫలితంగా మద్యం కొనుగోలుకు కనీస వయస్సు 21 సంవత్సరాలు అయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలోనూ హద్దు అదే. చట్టం వయస్సు నడుగుతుంది. తీపి అడగదు.

సారా లేని సొంపు

అయితే ఈ గిన్నెలోని అందం మద్యానిది కాదు. ఆ రంగు, ఆ మెరుపు, ఆ వణుకు, పొరలు తీర్చడంలోని నేర్పు – వీటిలో ఏ ఒక్కటీ సారా చుక్క వల్ల వచ్చినది కాదు. దానిని తీసివేస్తే వంచన పోతుంది, వేడుక మిగులుతుంది. బడి వార్షికోత్సవానికి పిల్లలచేత చేయించదగిన వంట ఇది. పనిలో పనిగా రెండు మూడు విజ్ఞాన పాఠాలు కూడా అందులో ఇమిడి ఉన్నవి.

శాకాహారులకు జెలటిన్ పనికిరాదు. దానికి బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడవచ్చును; మన అంగళ్ళలో చైనా గ్రాస్ అన్న పేరుతో దొరుకుతుంది. వంటింటి ఈ వస్తువుకు శాస్త్రచరిత్రలో గౌరవస్థానం ఉన్నది. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్సే అనే వైద్యుడు సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచడానికి ప్రయత్నిస్తూ విసిగిపోయాడు. వేసవి వేడికి అది కరిగిపోయేది. కరగకపోతే సూక్ష్మజీవులే దానిని తిని నీరుచేసేవి. అతని భార్య ఫానీ తాను ఇంట్లో జెల్లీలకు వాడే అగర్ అగర్‌ను ప్రయత్నించి చూడమన్నది. ఆ కిటుకు ఆమెకు జావాలో నివసించి వచ్చిన పొరుగువారి వల్ల తెలిసింది. హెస్సే ద్వారా ఆ సంగతి రాబర్ట్ కాక్‌కు చేరింది. 1882లో క్షయ క్రిమిని గురించి కాక్ ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన ఉన్నది. నేటికీ ప్రయోగశాలలన్నిటా సూక్ష్మజీవులను పెంచేది దానిమీదనే. ఒక గృహిణి జెల్లీ గిన్నె వైద్యశాస్త్రానికి పీఠమయింది.

చేసే విధానం కష్టమైనది కాదు. ఒక్కొక్క పొరకు ఒక కప్పు ద్రవం, ఒక చెంచా అగర్ పొడి, రెండు మూడు చెంచాల పంచదార చాలును. పొడిని సగం కప్పు నీటిలో కలిపి రెండు మూడు నిమిషాలు బాగా మరిగించాలి. మరగకపోతే అది కరగదు. పొయ్యిమీదనుంచి దించిన తరువాత మిగతా సగం ద్రవాన్ని గోరువెచ్చగా చేసి కలపాలి. చల్లని రసం పోస్తే అక్కడికక్కడే ముద్దలు కడుతుంది. పుల్లని రసంతో కలిపి మరిగిస్తే జెల్లీ పట్టు సడలుతుంది. మొదటి పొర ఎరుపు. అది దానిమ్మ రసం. రెండవది తెలుపు; అది కొబ్బరిపాలు. మూడవది నీలం, అది శంఖపుష్పాల కషాయం. మూడు కప్పులు కలిసి పదిహేను చిన్న గిన్నెలకు వస్తాయి.

నేర్పంతా పొర మీద పొర పోయడంలో ఉన్నది. క్రింది పొర పైన మీగడ వలె బిగిసి, లోపల ఇంకా వెచ్చగా ఉండగానే రెండవది పోయాలి. ముందే పోస్తే రంగులు కలిసిపోతాయి. పూర్తిగా చల్లారాక పోస్తే పొరలు అతకక తినేటప్పుడు విడిపోతాయి. గరిటె వీపు మీదుగా మెల్లగా జారవిడిస్తే క్రింది పొర చిల్లు పడదు. ఫ్రిజ్ లేని ఇంట గిన్నెలను చన్నీళ్ళ పళ్ళెంలో నిలిపినా చాలు. ఒకసారి గడ్డకట్టిన అగర్ మళ్ళీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. మన రోహిణీకార్తె కూడా దానిని కరిగించలేదు. నోటిలోనూ కరగదు గనుక పంటితో కొరకవలసిందే. పూర్వుల విభాగం ప్రకారం ఇది నిస్సందేహంగా భక్ష్యం.

శంఖపుష్పాల కషాయంలో కొంత వేరే గ్లాసులోకి తీసి నాలుగు నిమ్మచుక్కలు వేస్తే, నీలం పిల్లల కళ్ళముందే ఊదారంగుకు తిరుగుతుంది. ఆమ్లం తగిలితే రంగు మారే పదార్థాలను గురించి ఒక గంట చెప్పే పాఠం ఆ ఒక్క క్షణంలో మనస్సుకు పడుతుంది. మరొక ప్రయోగం: జెలటిన్ జెల్లీ మీద ఒక పచ్చి అనాస ముక్క, అగర్ జెల్లీ మీద ఒక ముక్క ఉంచాలి. కొంతసేపటికి మొదటిది నీరవుతుంది, రెండవది చెక్కుచెదరదు. జెలటిన్ మాంసకృత్తు, అనాసలోని బ్రొమెలైన్ దానిని జీర్ణం చేస్తుంది. అగర్ పిండిపదార్థాల జాతికి చెందినది; దాని జోలికి బ్రొమెలైన్ పోలేదు. హెస్సే వైద్యుని చిక్కు ఏమిటో, ఫానీ సలహా గొప్పతనమేమిటో అప్పుడు పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సంతలో పొట్లాలలో అమ్మే పేరులేని రంగుపొడి ఏదైనా వంటలో వేయరాదు. బట్టల అద్దకానికి వాడే రొడమిన్–బి పీచుమిఠాయిలో కనిపించినందువల్ల 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ఆ మిఠాయి అమ్మకాన్నే నిషేధించవలసి వచ్చింది. పువ్వూ పండూ ఇచ్చే రంగు కొంచెం వెలవెలబోవచ్చును గాని అది తన పేరు చెప్పుకోగలదు.

పేరు చెప్పుకోగలగడమే ఇక్కడ అసలు పరీక్ష. శ్రీరామనవమి నాడు పందిరిలో పంచే పానకాన్ని తలచుకోండి. బెల్లపు తీపి ఉన్నది, ఏలకుల పరిమళమున్నది, వాటితోపాటు మిరియాల ఘాటూ ఉన్నది. మిరియం తాకేదీ, మిరప తాకేదీ, మద్యం తాకేదీ నాలుకమీద ఒకే గ్రాహకాన్ని. కాని పానకం ఆ ఘాటును దాచదు. మొదటి గుక్కలోనే తీపీ కారమూ రెండూ తమను తాము చెప్పుకుంటాయి. ఇంకొక గ్లాసు కావాలో అక్కరలేదో పసివాడు సైతం తేల్చుకోగలడు. జెర్రీ థామస్ 1862లో చేసిన హెచ్చరిక సారాంశమూ ఇంతే. తీపి ఉండవచ్చును, రంగు ఉండవచ్చును, ఏదైనా నాలుకను అడిగే లోపలికి వెళ్ళాలి.